ఒక క్లిక్ వెనకబడుతున్న చార్జీ

ప్రశ్న: మేడమ్, మాది గాజువాక. బీటెక్ ఆఖరి ఏడాది. విశాఖ నుంచి అరకు వెళ్లే బస్సులో సీట్లు ఎంచుకునే పేజీని రియాక్ట్‌లో (వెబ్ పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) చేస్తున్నాను. సీటు నొక్కగానే రంగు మారుతోంది కానీ, కింద మొత్తం చార్జీ మాత్రం ఒక క్లిక్ వెనకబడుతోంది. విలువను మార్చే సెట్ ఫంక్షన్ ముందు, పని పూర్తయ్యేదాకా ఆగమనే అవెయిట్ పెట్టినా మారలేదు. కుటుంబానికి నాలుగు సీట్లు ఒకేసారి ఇచ్చే బటన్ కూడా పెడతాను. కోడ్ జతచేశాను. వైవా దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ కోడ్‌లో మూడు యూజ్‌స్టేట్‌లు ఉన్నాయి, అంటే పేజీ గుర్తుపెట్టుకునే విలువలు (స్టేట్) మూడు. ఎంచుకున్న సీట్ల జాబితా, సీట్ల సంఖ్య, మొత్తం చార్జీ. స్టేట్‌లో ఉండాల్సింది జాబితా ఒక్కటే.

సెట్ ఫంక్షన్‌ని పిలిచినంత మాత్రాన మీ చేతిలో ఉన్న వేరియబుల్ మారిపోదు. ఒక రెండర్‌లో, అంటే రియాక్ట్ మీ కాంపొనెంట్ కోడ్‌ని ఒకసారి నడిపి పేజీ ఎలా ఉండాలో లెక్కకట్టినప్పుడు, స్టేట్ విలువ ఎంతో, ఆ రెండర్‌లో తయారైన క్లిక్ హ్యాండ్లర్‌కి (నొక్కినప్పుడు నడిచే ఫంక్షన్‌కి) ఆఖరిదాకా అంతే కనిపిస్తుంది. కొత్త విలువ తర్వాతి రెండర్‌కే అందుతుంది. అవెయిట్ పెట్టినా అంతే. మీరు జాబితాని మార్చి, కింది లైన్లోనే దాని లెంగ్త్‌తో (అందులోని సీట్ల సంఖ్యతో) చార్జీ కడుతున్నారు. అక్కడ ఉన్నది ఇంకా పాత జాబితాయే. అందుకే నాలుగో సీటు నొక్కితే మూడు సీట్ల చార్జీ వస్తోంది. 2019లో రియాక్ట్ 16.8 వెర్షన్‌తో యూజ్‌స్టేట్ లాంటి హుక్స్ రాకముందు, క్లాసుల్లో సెట్‌స్టేట్ రాసే రోజుల్లోనూ ఈ చిక్కు ఉండేది.

దీనికి యూజ్‌ఎఫెక్ట్ (రెండర్ అయ్యాక నడిచే కోడ్) పెట్టమని మీ స్నేహితులు చెప్పవచ్చు, పెట్టకండి. పాత మొత్తంతో ఒకసారి, కొత్త మొత్తంతో ఇంకోసారి అనవసరంగా రెండు రెండర్లు జరుగుతాయి. మధురవాడలో మా టీమ్‌లో కొత్తవాళ్ల కోడ్ చూసేటప్పుడు నేను మొదట వెతికేది ఇదే. లెక్కకట్టి తెచ్చుకోగలిగినదాన్ని స్టేట్‌లో దాస్తే నేను ఒప్పుకోను. ఒకే సంగతి రెండు చోట్ల ఉంటే ఏదో ఒక రోజు రెండూ రెండు మాటలు చెబుతాయి. ఇక్కడ అది జనం కట్టే డబ్బు.

మిగతా రెండు స్టేట్‌లూ తీసేసి, రిటర్న్‌కి పైన జాబితా లెంగ్త్‌ని టికెట్ ధరతో గుణించి మామూలు కాన్స్ట్‌లో (స్టేట్ కాని వేరియబుల్‌లో) పెట్టండి. ప్రతి రెండర్‌లోనూ లెక్క కొత్తగా జరుగుతుంది. ఆ కాస్త గుణకారం బ్రౌజర్‌కి బరువేమీ కాదు.

జాబితాలో సీటు చేర్చడానికి పుష్ (ఉన్న అర్రేకే, అంటే ఉన్న జాబితాకే చివర చేర్చే ఫంక్షన్) వాడకండి. అదే అర్రేని తిరిగి ఇస్తే రియాక్ట్‌కి మార్పు తెలియదు, కొత్త అర్రే ఇవ్వాలి. కుటుంబానికి నాలుగు సీట్లు కలిపి ఇచ్చే బటన్ కూడా పెడతానన్నారు కదా, అక్కడ సెట్ ఫంక్షన్‌ని వరసగా నాలుగుసార్లు పిలిస్తే ఆఖరి సీటు ఒక్కటే మిగులుతుంది. విలువకు బదులు, పాత జాబితాని తీసుకుని కొత్తది ఇచ్చే ఫంక్షన్‌ని పంపితే నాలుగూ నిలుస్తాయి. వైవాలో ఈ బటన్‌నే నొక్కి చూపించండి.