పాత మెయిల్ అప్పుడే మూసెయ్యకు అమ్మలూ

అమ్మలూ,

నిన్న రాత్రి పదకొండున్నరకి నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ పొద్దున కాఫీ తాగుతూ విన్నాను. షాపు మెయిల్ ఉన్న ఫ్రీ సర్వీసు వాళ్లు వచ్చే నెల నుంచి అక్కడికొచ్చిన మెయిల్‌ని నీ సొంత మెయిల్‌కి దానంతటదే పంపే ఫార్వర్డింగ్ తీసేస్తున్నారని, కావాలంటే డబ్బు కట్టమంటున్నారని, అందుకే కోపంలో ఇంకోచోట కొత్త ఖాతా తెరిచేశానని, ఆదివారానికల్లా పాతది డిలీట్ కొట్టేస్తానని అన్నావు. కోపం రావడం సరే, కొత్తది తెరవడం సరే. డిలీట్ మాత్రం కొట్టకు. ఏడాది పాటు ఆ డిలీట్ జోలికి పోకు. ఈ ఉత్తరంలో ఇంకేదీ చదివే తీరిక లేకపోయినా ఈ ముక్క గుర్తుంచుకుంటే చాలు.

నేను ఆ పని చేసి దెబ్బతిన్నవాణ్ణి కాబట్టి చెబుతున్నా. చాలా ఏళ్ల కిందట ఇలాగే ఒక సర్వీసు నచ్చక వేరేదానికి మారి, ఉత్తరాలన్నీ తెచ్చేసుకున్నాను కదా ఇంకా అక్కడేముంది అని పాతదాన్ని వారం తిరక్కుండా మూసేశాను. ఎనిమిది నెలల తర్వాత మీ పెద్దమ్మ ఆపరేషన్‌కి ఫండ్‌లో ఉన్న డబ్బు తీద్దామని కూర్చుంటే పాస్‌వర్డ్ తప్పంది, మర్చిపోయానని నొక్కితే మీ మెయిల్‌కి లింకు పంపాం చూసుకోండంది. ఏ మెయిల్‌కి? నేను చేతులారా చంపేసిన మెయిల్‌కి. ఇక ఫారాలు, పాన్ జిరాక్సులు, సంతకం సరిపోలేదని ఒకసారి, సెల్ఫ్ అటెస్టెడ్ అని రాయలేదని ఇంకోసారి... ఆ డబ్బు చేతికొచ్చేసరికి ఆపరేషన్ అయిపోయింది, కుట్లు కూడా విప్పేశారు. ఈలోగా మీ నాన్న సర్దాడు, ఆ సంగతి నీకు తెలుసో లేదో.

మెయిల్ ఖాతా అంటే ఉత్తరాల డబ్బా అనుకుంటాం గానీ, మనకున్న మిగతా తాళంచెవులన్నీ దాని మేకుకే వేలాడుతుంటాయి. మేకు పీకే ముందు తాళంచెవులు తీసి కొత్త మేకుకి తగిలించుకోవాలి. ఉత్తరాలు ఎప్పుడైనా తెచ్చుకోవచ్చు.

ఇంకో మాట, వాళ్లని తిట్టుకుంటూ కూర్చోకు. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ ఒక జీబీ జాగా ఇస్తామన్నప్పుడు అందరూ ఏప్రిల్ ఫూల్ అనుకున్నారు, ఎందుకంటే అప్పట్లో హాట్‌మెయిల్ ఇచ్చేది 2 ఎంబీ, యాహూ ఇచ్చేది 4 ఎంబీ. ఆ రోజుల్లో మమ్మల్ని లాక్కోవడానికి ఇచ్చారు, ఇప్పుడు అవసరం తీరింది, ఒక్కొక్కటే వెనక్కి తీసుకుంటున్నారు. యాహూ 2021 జనవరి 1 నుంచి ఫ్రీ ఖాతాలకి ఆటోమేటిక్ ఫార్వర్డింగ్ ఆపేసింది, 2013లో ఆర్భాటంగా ఇచ్చిన ఒక టీబీ జాగాని 2025లో 20 జీబీకి దించింది. గూగుల్ 2021 జూన్ 1న ఫొటోల అన్‌లిమిటెడ్ ఎత్తేసింది, వేరే కంపెనీల మెయిల్‌ని పాప్ (మెయిల్ దించుకునే ఒక పాత పద్ధతి) ద్వారా జీమెయిల్లోకి లాక్కునే సౌకర్యాన్ని 2026 నుంచి తీసేస్తున్నట్టు ప్రకటించింది. పెళ్లిలో ఫ్రీగా పెట్టిన భోజనంలో గారె తక్కువైందని కేసు వెయ్యలేం కదా. మన తప్పల్లా ఆ పందిట్లోనే షాపు పెట్టుకోవడం.

సరే, అసలు విషయం. వాళ్లు తీసేస్తున్నది ఫార్వర్డింగ్ మాత్రమే. అంటే షాపు అడ్రస్‌కి వచ్చే మెయిల్ ఎక్కడికీ పోదు, పాత డబ్బాలోనే పడుతుంది, నీ సొంత మెయిల్లోకి దానంతటది రావడం ఆగుతుంది, అంతే. ఫోన్‌లో జీమెయిల్ యాప్ వాడుతున్నావు కదా, అందులోనే ఆ పాత ఖాతాని ఐమ్యాప్ పద్ధతిలో (మెయిల్ సర్వర్‌లోనే ఉంటుంది, మనం ఎక్కడినుంచైనా చూసుకుంటాం) రెండో ఖాతాగా కలుపుకుంటే రెండూ ఒకేచోట కనిపిస్తాయి. ఐమ్యాప్ కూడా తీసేస్తున్నారేమో వాళ్ల నోటీసు ఒకసారి నిదానంగా చదువు, తేదీ కాగితం మీద రాసుకో. సగం టెన్షన్ అక్కడే పోతుంది. అన్నట్టు ఆ నోటీసులో లింకు నొక్కి లాగిన్ అవ్వకు, సైట్ అడ్రస్ నువ్వే టైప్ చేసి వెళ్లు. ఇలాంటి మార్పులు వచ్చినప్పుడే "మీ మెయిల్ బాక్స్ 24 గంటల్లో మూతపడుతుంది" అని దొంగ మెయిళ్లు కూడా పుట్టగొడుగుల్లా వస్తాయి.

ఇప్పుడు తాళంచెవుల లెక్క. జ్ఞాపకం మీద రాస్తే సగం మర్చిపోతావు. బ్రౌజర్‌లో సేవ్ అయిన పాస్‌వర్డుల జాబితా తెరువు, నువ్వు ఎక్కడెక్కడ ఖాతాలు తెరిచావో అదే చెబుతుంది. తర్వాత పాత మెయిల్లో ఓటీపీ, వెరిఫై, స్టేట్‌మెంట్, వెల్‌కమ్, ఇన్‌వాయిస్ అని ఇంగ్లీషులో ఒక్కో మాటా వెతుకు. ఒక నోటుబుక్కులో రాసుకుంటూ వెళ్లు, మార్చినదానికి టిక్కు పెట్టు. నేను చేసినప్పుడు ఇరవై ఉంటాయనుకుంటే 74 తేలాయి, అందులో ఎప్పుడో ఒకసారి బస్సు టికెట్ కొన్న సైట్లు కూడా ఉన్నాయనుకో.

డబ్బున్నవి ముందు. బ్యాంకులు, డీమ్యాట్, ఫండ్లు, ఎల్ఐసీ. ఫండ్ల దగ్గర జాగ్రత్త, ఒక ఫోలియోలో (ఫండ్ ఖాతా నంబరు) మారిస్తే అన్నిట్లో మారిందనుకోకు, ఒక్కోటీ తెరిచి చూసుకో. తర్వాత ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్, పీఎఫ్. షాపు జీఎస్టీలో మెయిల్ మార్చడం నాన్-కోర్ అమెండ్‌మెంట్ కింద వస్తుంది, దానికి ఆఫీసర్ ఆమోదం అక్కర్లేదు, నువ్వే చేసుకోవచ్చు. మీ ఆడిటర్‌కి మాత్రం చెప్పు, ఆయన నోటీసులు పాత అడ్రస్‌కే వస్తాయనుకుని నిశ్చింతగా ఉంటాడు, నేనూ ఆడిటర్ ఆఫీసులోనే పనిచేశాను కాబట్టి ఆ నిశ్చింత నాకు తెలుసు. ఇన్‌స్టాగ్రామ్ మర్చిపోకు. నీ చీరలు సగం అక్కడే అమ్ముడవుతున్నాయి, ఆ ఖాతా ఎవడైనా కొట్టేస్తే తిరిగి రప్పించుకునే దారి ఎక్కువగా మెయిల్ నుంచే. ఆ తర్వాత ఐఆర్‌సీటీసీ, డిజీలాకర్, గ్యాసు, కరెంటు, మిగతా చిల్లర.

ప్రతిచోటా మార్చాక ఆగి, కొత్త అడ్రస్‌కి ఒక మెయిల్ వచ్చిందా లేదా చూసి అప్పుడు టిక్కు పెట్టు. చాలాచోట్ల "అప్‌డేట్ అయింది" అని ఆకుపచ్చ అక్షరాల్లో చూపించి లోపల ఏమీ మార్చరు.

రికవరీ మెయిల్, రికవరీ ఫోన్ అని అడుగుతారు చూడు, అక్కడ అందరూ పప్పులో కాలేస్తారు. కొత్త ఖాతాకి రికవరీగా పాత ఖాతా ఇచ్చి, పాతదానికి కొత్తది ఇస్తే, అల్మారా తాళంచెవి బీరువాలో, బీరువా తాళంచెవి అల్మారాలో పెట్టినట్టు. మూడో ఖాతా ఏదైనా ఇవ్వు, మీ ఆయనదైనా సరే. ఫోన్ నంబరూ అంతే. డాలస్‌లో ఉన్న మీ అన్నయ్య ఇక్కడి ప్రీపెయిడ్ సిమ్ రీచార్జ్ చెయ్యడం మానేశాడు, మనదేశంలో 90 రోజులు వాడకపోతే ఆ నంబర్ మూసేయొచ్చు, ఆ తర్వాత కొన్నాళ్లకి ఇంకెవరికైనా ఇచ్చేయొచ్చు కూడా. వాడి బ్యాంకు ఓటీపీలన్నీ ఆ నంబర్‌కే. వాడికి నేను చెబితే వినడు, నువ్వు చెప్పు.

ఇక ఉత్తరాలు తెచ్చుకోవడం. కంప్యూటర్‌లో థండర్‌బర్డ్ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో పాత ఖాతా, కొత్త ఖాతా రెండూ ఐమ్యాప్‌తో పెట్టుకుని ఇటు ఫోల్డర్ నుంచి అటు ఫోల్డర్‌కి కాపీ చెయ్యి. మూవ్ వద్దు, కాపీ. మామూలు పాస్‌వర్డ్ తీసుకోనంటే భయపడకు, రెండంచెల వెరిఫికేషన్ పెట్టుకున్నాక సెట్టింగ్స్‌లో యాప్ పాస్‌వర్డ్ అని విడిగా ఇస్తారు, అది వాడాలి. ఒక్కసారే పదేళ్ల మెయిల్ లాగాలని చూస్తే మధ్యలో ఆగిపోయి ఏది వచ్చిందో ఏది రాలేదో తెలియక చస్తాం. ఏడాదికి ఒక ఫోల్డర్ చొప్పున రాత్రిపూట పెట్టి పడుకో. పొద్దున రెండువైపులా ఎన్ని మెయిళ్లున్నాయో అంకె సరిపోతుందా చూసుకో. పాతది జీమెయిలే అయితే గూగుల్ టేక్అవుట్ నుంచి మొత్తం ఒక ఫైలుగా దించుకోవచ్చు, అది ఎటూ ఒక కాపీ హార్డ్ డిస్క్‌లో ఉండటం మంచిది.

పాప్ అనే పద్ధతి కూడా అక్కడే కనిపిస్తుంది, దాన్ని ముట్టుకోకు, లేదా ముట్టుకునే ముందు "సర్వర్‌లో కాపీ ఉంచు" అనే గడిలో టిక్కు ఉందో లేదో నాలుగుసార్లు చూసుకో. మా ఆఫీసులో కొత్త కంప్యూటర్ వచ్చినప్పుడు ఒక కుర్రాడు ఆ టిక్కు తీసేసి పెట్టాడు, ఆరేళ్ల మెయిల్ అంతా సర్వర్ నుంచి ఖాళీ అయి ఆ ఒక్క కంప్యూటర్లోకి దిగిపోయింది, మే నెలలో కరెంటు పోయి వస్తూ పోయి వస్తూ హార్డ్ డిస్క్ పోయింది. తప్పు ఆ కుర్రాడిదని అందరూ అన్నారు. పక్కన కూర్చుని "ఆ కానీ కానీ" అన్నది నేనే.

కాంటాక్టులు వేరేగా దించుకోవాలి. అక్కడ సీఎస్‌వీ, వీకార్డ్ అని రెండు రకాలు ఉంటాయి. నువ్వు కస్టమర్ల పేర్లు తెలుగులో రాసుకున్నావు కదా, సీఎస్‌వీ ఫైలు ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేశావంటే ఆ పేర్లన్నీ ప్రశ్న గుర్తులో పిచ్చి గీతలో అయిపోవచ్చు. వీకార్డ్ దించి, ఎక్కడా తెరవకుండా నేరుగా కొత్తదాంట్లోకి ఎక్కించు. పాత మెయిళ్లలో శుభలేఖల ఫైళ్లు అర్థంకాని అక్షరాల్లో కనిపిస్తే అది మార్పు వల్ల కాదు, అవి ప్రెస్ వాళ్లు అను ఫాంట్లలో చేసినవి, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఎప్పుడూ అలాగే కనిపిస్తాయి. ఫిల్టర్లు, సంతకం, లేబుల్ రంగులు మాత్రం వాటంతటవి రావు, మళ్లీ పెట్టుకోవాల్సిందే.

ఇప్పుడు నీకు నచ్చని మాట ఒకటి చెబుతా. ఆ కొత్త అడ్రస్‌తో క్యారీ బ్యాగులు అచ్చు వేయించకు. అదీ ఫ్రీదే, అదీ ఒకరోజు ఇలాగే నోటీసు పంపుతుంది, అప్పుడు మళ్లీ బ్యాగులు, బిల్లు బుక్కులు, బోర్డు. షాపు పేరుతో సొంత డొమైన్, అంటే మెయిల్ అడ్రస్‌లో @ తర్వాత వచ్చే పేరు, కొనుక్కో. ఏడాదికి వెయ్యి రూపాయలు అటూ ఇటూ, ఒక కాటన్ చీర మీద నీకు మిగిలేదానికంటే ఎక్కువేమీ కాదు. అప్పుడు అడ్రస్ నీది. వెనక మెయిల్ ఎవరి సర్వర్‌లో ఉన్నా, వాళ్లు నచ్చకపోతే మెయిల్ ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పే ఎంఎక్స్ రికార్డు ఒకటి మార్చి ఇంకొకళ్ల దగ్గరికి పోతావు, కస్టమర్‌కి ఆ సంగతే తెలియదు. మొదటి ఏడాది 99 రూపాయలే అని ఊరిస్తారు, రెన్యూవల్ ఎంతో అడిగి కొను. నీ పేరు మీద, నీ ఫోన్ మీద కొను. వెబ్‌సైట్ చేసే కుర్రాళ్లు తమ పేరు మీదే కొనేసి తర్వాత ఫోన్ ఎత్తరు. ఒకేసారి ఐదేళ్లకి కట్టెయ్యి, పదేళ్ల దాకా కట్టనిస్తారు. మన కార్డుల మీద ఆటోపే ఒక్కోసారి ఫెయిలవుతుంది, మనం చూసుకోం. డొమైన్ గడువు దాటి పోయిందంటే దాన్ని ఇంకెవడైనా కొనుక్కోవచ్చు, అప్పుడు నీ పాస్‌వర్డ్ రీసెట్ మెయిళ్లన్నీ వాడికి వెళ్తాయి. ఫ్రీ మెయిల్‌కి అంతగా లేని ప్రమాదం అది, ముందే చెబుతున్నా.

డొమైన్ పెట్టాక ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని, మెయిల్ నిజంగా నీ దగ్గర్నుంచే వచ్చిందని చెప్పే మూడు రికార్డులు పెట్టాలి. ఇవి లేకపోతే నువ్వు పంపే బిల్లులు జనం స్పామ్‌లో పడతాయి, 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఈ విషయంలో బాగా గట్టిగా ఉన్నాయి. నేను చూపిస్తాలే, అరగంట పని.

ఎవరి దగ్గర పెట్టాలంటావా? జోహో ఫ్రీ ప్లాన్‌లో సొంత డొమైన్ పెట్టుకోవచ్చు, ఐదుగురి దాకా, తలా 5 జీబీ, కానీ ఐమ్యాప్ ఉండదు, వాళ్ల యాప్‌లోనో బ్రౌజర్‌లోనో చూసుకోవాలి. 2025 అక్టోబర్‌లో అమిత్ షా జోహోకి మారానని చెప్పాక మన ఫ్యామిలీ గ్రూపులో అందరూ మారిపోదామన్నారు గుర్తుందా, ఆయనకి మార్చిపెట్టేవాళ్లు ఉంటారు, మనకి మనమే. స్విట్జర్లాండ్ వాళ్ల ప్రోటాన్ రహస్యం విషయంలో మంచిదే, కానీ ఫ్రీలో జాగా తక్కువ, థండర్‌బర్డ్‌తో కలపాలంటే డబ్బు కట్టాలి. నా మట్టుకు నేను షాపు మెయిల్‌కి ఏదో ఒక డబ్బు ప్లాన్ తీసుకోమంటాను, నీ సొంత మెయిల్ ఫ్రీలో ఉంచుకో. కట్టే ముందు ఒక్కటే ప్రశ్న అడుగు: నేను వెళ్లిపోవాలనుకుంటే నా మెయిల్ మొత్తం ఎలా తీసుకెళ్లాలి? దానికి సూటిగా జవాబు లేనిచోట డబ్బు కట్టకు.

ఈ నెలరోజులూ ఫార్వర్డింగ్ ఇంకా పనిచేస్తుంది కదా, దాన్ని కొత్తదానికి తిప్పు. స్పామ్ ఫోల్డర్ రోజూ చూడు, ఫార్వర్డ్ అయినవి ఎక్కువగా అక్కడే పడతాయి. పాత ఖాతాలో ఆటో రిప్లై పెట్టి కొత్త అడ్రస్ చెప్పు, కాంటాక్టుల్లో ఉన్నవాళ్లకి మాత్రమే వెళ్లేలా ఉంటే అలా పెట్టు, లేకపోతే స్పామ్ పంపేవాడికి కూడా నువ్వే అడ్రస్ ఇచ్చినట్టు. నెలకోసారి పాతదాంట్లో లాగిన్ అవ్వు, వాడని ఖాతాలని వాళ్లే తీసేస్తారు, యాహూ ఏడాదికి, గూగుల్ రెండేళ్లకి. వచ్చే ఏడాది ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్ అయిపోయాక, మూడు నెలలపాటు అందులోకి పనికొచ్చే మెయిల్ ఒక్కటీ రాలేదంటే అప్పుడు ఆలోచిద్దాం.

ఆదివారం హార్డ్ డిస్క్ తీసుకుని వస్తాను. ఈ ఉత్తరం నీ పాత అడ్రస్‌కీ, మొన్న తెరిచిన కొత్తదానికీ రెండిటికీ పంపుతున్నా, ఏది ముందొచ్చిందో, ఏది స్పామ్‌లో పడిందో చూసి ఫోన్ చెయ్యి.

పెదనాన్న