తిండి మానేస్తే బాక్సర్ అవ్వరు, చిట్టీ

చిట్టీ,

నువ్వు బాక్సింగ్ కోచింగ్‌కి పేరిచ్చావని మీ అమ్మ ఫోన్లో చెప్పగానే పొయ్యి మీద పులుసు వదిలేసి మీ పెదనాన్నకి కేకేసి చెప్పా. ఇన్నేళ్ళు పీఈటీగా ఊళ్ళో పిల్లలందరినీ గ్రౌండ్లోకి లాగాను గానీ, సొంత చెల్లెలి కూతుర్ని టీవీ ముందు నుంచి లేపలేకపోయాను. చివరికి ఆ టీవీయే, అందులో నువ్వాడే బాక్సింగ్ వీడియో గేమే లేపింది! సరేలే, ఎవరు లేపితే ఏంది.

అంతలోనే మీ అమ్మ ఇంకో మాట అన్నది. "రాత్రిపూట అన్నం మానేసిందక్కా. మే నెలలో సెలక్షన్లంట, 48 కేజీల విభాగంలో దిగుతుందంట." ఈ ఉత్తరం ఆ మాట కోసమే. వాట్సాప్‌లో పెడితే పైపైన చూసి బొటనవేలు గుర్తు కొట్టేస్తావని కాగితం మీద రాస్తన్నా.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. చేతులకి బ్యాండేజీ చుట్టకుండా పంచింగ్ బ్యాగ్ ముట్టుకోబాక. మౌత్ గార్డ్ నీది నువ్వే కొనుక్కో. మొదటి నెలల్లో కోచ్ స్పారింగ్‌కి, అంటే ఇంకొకరితో తలపడే ప్రాక్టీసుకి, దించకపోతే అలగొద్దు. స్కిప్పింగ్ విసుగనిపించినా చెయ్యి.

ఆ వీడియో గేమ్ మీద నాకేం కోపం లేదు. సంక్రాంతికి మీ ఇంట్లో నా చేతికి కంట్రోలర్ ఇచ్చి అన్‌డిస్ప్యూటెడ్ ఆడించావు కదా, అప్పటిదాకా బటన్లు దబదబా నొక్కేదే వీడియో గేమ్ అనుకున్నా. నొక్కాను. రెండో రౌండ్‌కే నా బాక్సర్ చేతులు కిందికి జారినాయి, గుద్దులో పస లేదు. నువ్వు ఐర్లండ్ బాక్సర్ కేటీ టేలర్‌ని పెట్టుకొని ముందు చేత్తో ఒక చిన్న గుద్దు వెయ్యడం, అరడుగు వెనక్కి జరగడం, మళ్ళా చూడడం. "అట్ట కాదు పెద్దమ్మా, ఊపిరి దాచుకో" అన్నావు. ఆ మాట గ్రౌండ్లో పిల్లలకి చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. వాళ్ళు విననిది నీకు ఆ డబ్బా నేర్పింది. మనుషులు ఆ ఆట వదలలేకపోవడం కొట్టడం కోసం కాదనుకుంటా. ఎదుటిమనిషి ఎప్పుడు అలిసిపోతాడా అని కాచుకోవడంలో ఉంది ఆ మజా. మీ అన్న చెప్పాడు, 2011లో ఫైట్ నైట్ ఛాంపియన్ అనే బాక్సింగ్ గేమ్ తర్వాత ఈఏ అనే గేమ్ కంపెనీ వాళ్ళు ఆ వరసలో మళ్ళా తియ్యలేదంట, 2024 అక్టోబరులో ఇంగ్లండులో షెఫీల్డ్ కంపెనీ ఒకటి నీ ఆటని పూర్తిగా విడుదల చేసేదాకా అభిమానులు ఎదురుచూస్తా ఉన్నారంట. 2006లో వచ్చిన ఫైట్ నైట్ రౌండ్ 3లో అయితే తెర మీద శక్తి చూపించే గీతే లేకుండా ఆడొచ్చంట. మొహం వాపు, ఒంటి వాలకం చూసి కనిపెట్టుకోవాల్సిందే. అది నాకు బాగా నచ్చింది. రింగులో ఎవరి నెత్తి మీదా గీత ఉండదు.

అయితే నువ్వు నీ ఆటలో ఏ బరువు బాక్సర్‌ని ఎంచుకున్నా నీ నాలుక మాత్రం ఎండదు. ఇంకోటి కూడా ఉంది. అందులో చూసేది ప్రొఫెషనల్ పద్ధతి. వాళ్ళకి సాధారణంగా ముందురోజే బరువు తూస్తారు, తాగి తిని కోలుకోడానికి ఒక పూట పైనే దొరుకుతుంది. నువ్వు దిగబొయ్యే పోటీల్లో పొద్దున తూస్తారు, ఆ రోజే బౌట్, అంటే రింగులో పోటీ. మళ్ళీ బౌట్ ఉన్న రోజు మళ్ళీ తూకం.

చాలా ఏళ్ళ కిందట పిల్లల్ని తీసుకొని ఒంగోలు పోయాను, వేసవి పోటీలకి. పదో తరగతి పిల్లోడు, మంచి ఎడంచేతి వాటం, ఎదురు నిలబడిన వాళ్ళకి తల తిరిగేది. ముందురోజు సాయంత్రం చూస్తే అర కేజీ పైన ఉన్నాడు. పై బరువులో దించుదామన్నా. వాళ్ళ నాయన ఒప్పుకోలేదు. కింది బరువులో పతకం ఖాయం, స్పోర్ట్స్ కోటాలో సీటొస్తుందని ఆయన లెక్క. నేను ఆడపిల్లల గదికి పోయాక ఆయన ఆ పిల్లోడికి స్వెటరు మీద వానకోటు తొడిగి రోడ్డు మీద పరిగెత్తించాడు. చూయింగ్ గమ్ నమిలించి సీసాలో ఉమ్మించాడు. రాత్రంతా నీళ్ళు లేవు. పొద్దున తూకంలో సరిపోయాడని ఆయన మీసం తిప్పాడు కూడా.

మొదటి రౌండు బాగానే ఆడాడు. రెండో రౌండ్లో పెద్ద దెబ్బేం కాదు, వెనక చేతి మామూలు గుద్దు ఒకటి తగిలింది. పడలేదు. చేతులు మాత్రం పైకి రాలేదు, నీ ఆటలో నా బాక్సర్ మాదిరే. రిఫరీ ఆపేశాడు. నేను పోయి చెయ్యి పట్టుకుంటే ఒళ్ళు కాలతా ఉంది, ఆ ఎండలో, అంత ఆడాక, ఒక్క చెమట చుక్క లేదు. "మేడం, నా బౌట్ ఎప్పుడు?" అని అడిగాడు నన్ను. ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించారు, బతికాడు. రింగు వైపు మళ్ళా రాలేదు. వాళ్ళ నాయన ఆస్పత్రి మెట్ల మీద కూర్చొని "అర కేజీయే కదమ్మా" అంటానే ఉన్నాడు. అప్పుడు ఆయన్ని నేనన్న మాటలు ఇక్కడ రాయను.

ఒంట్లో నీళ్ళు తగ్గితే రక్తం తగ్గుతుంది, గుండె ఎక్కువ కొట్టుకోవాలి, వేడి బయటికి పోదు. నాలుగు గ్లాసులు గటగటా తాగినా ఆ లోటు గంటల్లో తీరదు. అట్టాంటి తలకి దెబ్బ తగలడం చూశాక నాకు ఇంకే దెబ్బా అంత భయమనిపించలేదు. నీ సెలక్షన్లేమో నెల్లూరులో రోహిణీ కార్తె ముందర! నీకు బుద్ధుందా అసలు? 52 కేజీల పిల్లవి, ఎముకలు తప్ప నీలో తగ్గించడానికి ఏముంది?

నువ్వు గోడకి అతికించుకున్న మేరీకోమ్ సంగతే చూడు. 2012 లండన్‌లో ఆడవాళ్ళకి మొదటిసారి బాక్సింగ్ పెడితే ఉన్నవి మూడే బరువులు, చిన్నది 51. అంతకన్నా తక్కువ బరువుల్లో ప్రపంచ ఛాంపియన్ అయిన మనిషి పైకెక్కి, తనకన్నా పెద్దవాళ్ళతో తలపడి కాంస్యం తెచ్చింది. మన నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022లో 52లోనే ప్రపంచ ఛాంపియన్. తర్వాత 50కి దిగిందంటే పారిస్ ఒలింపిక్స్‌లో 52 లేక. ఆమె వెనక డాక్టర్లు, వంటవాళ్ళు, ఫిజియోలు ఉన్నారు. అంతమంది ఉండి కూడా అదే పారిస్‌లో కుస్తీ ఫైనల్ పొద్దున వినేశ్ ఫోగట్‌కి 100 గ్రాములు ఎక్కువొచ్చి ఏమైందో దేశమంతా చూసింది. నీ వెనక ఉండేది మీ అమ్మ, నేను.

నీ బరువులోనే దిగు. ఓడిపోతే ఓడిపో, ఎవరు కాదన్నారు? ఈ విషయం కోచ్‌తో నువ్వే చెప్పు, చెప్పలేకపోతే నేను కావలి నుంచి పొద్దున రైలెక్కి వస్తా. ఆయన కాదంటే కోచ్‌ని మారుద్దాం. నెలసరి తప్పినా, నిలబడితే కళ్ళు తిరిగినా దాచబాక. అమ్మకి చెప్పడం సిగ్గైతే నాకు ఫోన్ చెయ్యి, రాత్రైనా సరే.

మౌత్ గార్డుకీ, బూట్లకీ డబ్బులు ఫోన్‌పే చేశా, చూసుకో. మీ ఇంట్లో తూకం మిషన్ నీ మంచం కింద ఉందంట కదా, అది తీసి మీ అమ్మకిచ్చెయ్. ఆదివారం నేనొస్తా, చేపల పులుసు తెస్తా, తినేటప్పుడు పక్కనే కూర్చుంటా. ఆ తర్వాత కావాలంటే కంట్రోలర్ ఇవ్వు, ఈసారి ఊపిరి దాచుకొని ఆడతా.

మీ పెద్దమ్మ,
కావలి