కోక్ కొనేముందు కాటా

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఆటోనగర్‌లో కుపోలా, అదే ఇనుము కరిగించే నిలువు కొలిమి, ఉన్న షెడ్డు అద్దెకు తీసుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషమయింది. అచ్చుల్లో ఇనుము పోసే పని నీకు చెప్పక్కర్లేదు గానీ, అందులో కాల్చే కోక్ బొగ్గు విషయంలో మాత్రం నా మాట విను.

టన్ను రేటు చూసి కొనకు. నువ్వు డబ్బు పెట్టేది వేడికి. కిలో కార్బన్ పూర్తిగా కాలితే సుమారు 8,000 కిలోకేలరీలు వస్తాయి. బూడిద ఒక్క శాతం పెరిగితే అందులో 80 పోయినట్టే. ఎండు కోక్‌లో బూడిద 12 శాతముంటే కిలోకి 7,000 దాకా వస్తుంది, 25 ఉంటే 6,000 రావడమే గగనం. పైగా ఆ బూడిదని స్లాగ్‌గా, అంటే కరిగిన మడ్డిగా, బయటికి తియ్యడానికి సున్నపురాయి ఎక్కువ వెయ్యాలి, ఆ స్లాగ్ కరగడానికి మళ్ళీ కోకే కాలాలి.

ఇక తేమ. ఓ వానాకాలం పట్టా కప్పకుండా వచ్చిన లోడు దింపించుకుని, కాటా చీటీ చూసి సంతకం పెట్టేశాను. ఆ రోజు ఇనుము చల్లబడి అచ్చు చివరిదాకా పారక, పంపు కేసింగులు సగం తుక్కులోకి పోయాయి. మర్నాడు పది కిలోల కోక్ రేకు మీద పోసి, సన్నమంట మీద ఆరబెట్టి మళ్ళీ తూచాను. తొమ్మిదే ఉంది! టన్నులో వంద కిలోలు నీళ్ళన్నమాట. ఆ నీళ్ళు ఆవిరవడానికి 60 వేల కిలోకేలరీలు పడతాయి. అసలు దెబ్బ అది కాదు. కొలిమిలోకి తూచి వేసిన ప్రతి విడతలోనూ పదో వంతు కోక్ తక్కువ పడింది. టన్నుకి దాదాపు 7 లక్షల కిలోకేలరీలు అక్కడే పోయాయి.

ల్యాబ్ రిపోర్టులో వేడి బాగున్నా ముక్క చిన్నదైతే లాభం లేదు. కింద పుట్టిన కార్బన్ డయాక్సైడ్ పైకి వెళ్తూ ఎర్రటి కోక్‌ని తాకి మోనాక్సైడ్‌గా మారుతుంది, మారుతూ వేడిని మింగేస్తుంది. ముక్క చిన్నదయ్యేకొద్దీ ఇది ఎక్కువ. కార్బన్ పూర్తిగా కాలక మోనాక్సైడ్ దగ్గరే ఆగిపోతే, రావలసిన వేడిలో మూడో వంతు కూడా రాదు. కుపోలా లోపలి వ్యాసంలో పదో వంతు ముక్క ఎంచుకో, పొడి జల్లించెయ్. రెండు ముక్కలు కొట్టి చూడు, ఖంగుమనాలి. బూడిద మాత్రం కంటికి తెలియదు, ల్యాబ్‌కి పంపాల్సిందే. శాంపిల్ లోడు పైనుంచే తియ్యకు, అక్కడ ఎండకి ఆరిపోయి ఉంటుంది. నడిమి నుంచీ అడుగు నుంచీ కూడా తియ్యి.

ఆదివారం మొదటి లోడు వస్తుందట కదా. గుంటూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి వస్తాను. చిన్న కాటా, ఓ రేకు సిద్ధంగా ఉంచు. నేను వచ్చేదాకా చీటీ మీద సంతకం పెట్టకు.

మీ మామయ్య