మొక్కుబడి ఉండి వెళ్లడం, మొక్కుబడిగా వెళ్లడం

సందేహం: మా అబ్బాయి బడిలో రాసిన వ్యాసంలో ‘మేము మొక్కుబడిగా మాలకొండకు వెళ్లాము’ అని రాశాడు. టీచరు ఆ మాట కొట్టేశారు. మా అత్తమ్మ మాత్రం ‘సామికి మొక్కుబడి ఉండాది, పోవాల’ అనే అంటుంది. ఎవరిది ఒప్పు? – ఒక పాఠకురాలు, కందుకూరు

సమాధానం: అమ్మా, ఇద్దరిదీ ఒప్పే. చిక్కంతా చివరన చేరిన ‘గా’తో వచ్చింది.

మొక్కుబడి అంటే మొక్కిన మొక్కు, దేవుడికి చెల్లించాల్సినది. రాబడి, దిగుబడి, పెట్టుబడి లాంటి లెక్కల మాటల వరసలోది ఇది. అప్పులాగే మొక్కునూ ‘తీరుస్తాం’, ‘చెల్లిస్తాం’ అంటాం. మీ అత్తమ్మ మాటలో ఆ బాకీ బరువు అలాగే ఉంది. ‘గా’ చేరేసరికి అర్థం పక్కకు జరిగింది. ‘మొక్కుబడిగా సమావేశం జరిపారు’ అంటే మనసు పెట్టకుండా, అయిందనిపించారని. బాకీ తీర్చేవాళ్లలో ఎప్పుడు వదిలించుకుందామా అని చూసేవాళ్లూ ఉంటారు కాబట్టి అర్థం అటు జారిందని నా ఊహ. ఈనాటి చదువరికి ముందు తోచేది ఆ అర్థమే. టీచరు దిద్దడం అందుకే న్యాయం.

కానీ మాలకొండ గుడి తెరిచేది శనివారం ఒక్కరోజే. ఆ రోజు చూసుకుని, పనులు మానుకుని కొండెక్కినవాళ్ల గురించి ‘మొక్కుబడిగా’ అనడం నాకూ మనసొప్పదు.

యాత్ర ఎవరికి వారిదేనన్న సంగతి మన క్రియల్లోనే ఉంది. ‘మొక్కు తీర్చుకున్నాను’లో ‘కొను’ చేరి, ఆ పని తనకోసం తానే చేసినట్టు చెబుతుంది. మీ అత్తమ్మ మొక్కు మీరు చెల్లించవచ్చు. అప్పుడు ‘అత్తమ్మ మొక్కు తీర్చాను’ అంటారు గానీ ‘తీర్చుకున్నాను’ అనరు.

పెన్న ఒడ్డున జొన్నవాడ కామాక్షమ్మ గుడిలో రాత్రి పడుకుని వచ్చినవాళ్లు ‘నిద్ర చేశాం’ అంటారు. నిద్ర పోవడం ఒంటికి దానంతట అదే జరిగేది. నిద్ర చేయడం అలా కాదు, కోరిక మనసులో పెట్టుకుని, నేలమీద ఒళ్లు వాల్చి, పూనుకుని చేసే పని. ఇంత చిన్న క్రియలో అంత తేడా పలికించిన మన జనం భాష మీద నాకు ఎనలేని గౌరవం.

నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర, బారాషహీద్ దర్గా రొట్టెల పండుగలోనూ ఇంతే. కోరిక ఉన్నవాళ్లు నీళ్లలో నిలబడి రొట్టె ‘పట్టుకుంటారు’. తీరినవాళ్లు మళ్లీ వచ్చి, కోరిక ఉన్న మరొకరి చేతికి రొట్టె ‘వదులుతారు’. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె అని ఎవరి కోరిక పేరు వారి రొట్టెకు. హిందువులూ ముస్లింలూ ఒకే నీళ్లలో, ఒకే క్రియలతో మాట్లాడుకుంటారు.

మీ అబ్బాయి వాక్యానికి వస్తే, ‘మొక్కుబడి ఉండి మాలకొండకు వెళ్లాము’ అని గానీ, ‘మొక్కుబడి చెల్లించడానికి వెళ్లాము’ అని గానీ రాయమనండి. నాకైతే మొదటిదే ఇష్టం, అది మీ ఇంటి మాట.