ముందు ఛాసిస్ చూడండి, పెయింటు తర్వాత

ప్రశ్న: మాస్టారూ, నమస్కారమండి. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. చెరువులకు మేత బస్తాలు తోలడానికి, పట్టుబడి రోజుల్లో రొయ్యల క్రేట్లు ప్లాంటుకు చేర్చడానికి సెకండ్‌హ్యాండ్ బొలెరో పికప్ కొందామనుకుంటున్నాను. ఇక్కడే 2017 మోడల్ ఒకటి చూశాను. కింద నుంచి పైదాకా కొత్త పెయింటు వేసి ఉంది. తుప్పు చుక్క కూడా లేదని బ్రోకరు అంటున్నాడు. మా బావేమో రాయలసీమ వైపు వెళ్లి కొనమంటున్నాడు. ఎవరి మాట వినాలి? కొన్నాక యాభై వేలలో ఏమేం చేయించుకోవాలి?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: మీ బావ మాట వినండి తమ్ముడూ. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఛాసిస్ మీద, అంటే బండినంతా మోసే అడుగు చట్రం మీద, కొత్త నల్లరంగు కొట్టి అమ్మకానికి పెట్టారంటే, ఆ రంగు కింద ఏముందో చూడకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. ఆటోనగర్‌లో ఛాసిస్‌ల కింద పడుకునే నా వయసు గడిచింది. ఇంజిన్ పోతే బోరు చేయించుకోవచ్చు, గేర్‌బాక్స్ పోతే మార్చుకోవచ్చు. ఛాసిస్ తుప్పు తినేస్తే మాత్రం దానికి అతుకులేసి నడపడం ప్రాణాలతో చెలగాటం.

మీ ప్రాంతంలో తుప్పు ఎక్కడి నుంచి వస్తుందో చెబుతాను. గాలిలో ఉప్పు ఉన్న మాట నిజమే. అసలు దెబ్బ మాత్రం క్రేట్లలోంచి కారే ఐసు నీళ్లది. ఆ నీళ్లలో చెరువు ఉప్పు కలిసి ఉంటుంది. వెనక బాడీ రేకు సందుల్లోంచి కిందికి దిగి, అడ్డదూలాల మీదుగా పాకి, కమాన్ కట్టల (బరువు మోసే స్ప్రింగ్ పట్టీల) మీదా వాటిని పట్టుకునే బ్రాకెట్ల మీదా పడుతుంది. పైన ఎండకు ఆరిపోయినా, రెండు ఇనుప రేకులు కలిసే చోట ఆ తడి రోజుల తరబడి ఉంటుంది. అందుకే పైకి తళతళలాడే బండికి కూడా కమాన్ ప్లేట్ల మధ్య తుప్పు పొరలు ఉబ్బి, ప్లేట్లు విడిపోయినట్టు కనిపిస్తాయి. మీరు మొదట చూడాల్సింది అక్కడే.

చిన్న సుత్తి, స్క్రూడ్రైవర్, పల్చటి గుడ్డ చుట్టిన అయస్కాంతం, టార్చి తీసుకెళ్లండి. ఛాసిస్ పొడవునా సుత్తితో తట్టుకుంటూ రండి. మంచి ఇనుమైతే ఖంగుమంటుంది. డొల్లగా మోగిన చోట స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా గుచ్చండి. పెచ్చు ఊడినా, మొన దిగినా అక్కడితో బేరం ఆపేయండి. తలుపుల కింది అంచు, ఫుట్‌బోర్డు, అద్దం కింది మూలల మీద అయస్కాంతం జరపండి. పట్టు వదిలిన చోట రేకు పోయి లప్పం మిగిలిందని అర్థం. క్యాబిన్‌లో మ్యాటు ఎత్తి చూడండి. బ్రేకు పైపుల్ని వేలితో తడమండి, గరుకుగా పొలుసులు తగిలితే ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి.

ఇంకొకటి. ఛాసిస్ మీద గుద్దిన నంబరు మీద తెల్ల కాగితం పెట్టి పెన్సిల్ రుద్దండి. అంకెలన్నీ స్పష్టంగా కాగితం మీదికి రావాలి, ఆర్‌సీతో సరిపోవాలి. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఫిట్‌నెస్ ఏటా చేయించాలి. తుప్పుకి అంకెలు చెరిగిపోయి ఉంటే ప్రతి ఏడాదీ మీకు టెన్షనే.

ఇక ఎక్కడ వెతకాలి అంటే, 2017 బండి కాబట్టి ఏ జిల్లాదో నంబరే కొంత చెబుతుంది. ఏపీ 02 అనంతపురం, 04 కడప, 21 కర్నూలు, 37 మీ పశ్చిమ గోదావరి. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చాక ఈ సౌకర్యం పోయింది. అయితే అనంతపురం నంబరున్న బండి మీ చెరువు గట్ల మీదే ఏళ్లుగా తిరిగి ఉండొచ్చు. ఫిట్‌నెస్ ఎక్కడ చేయించారో పాత కాగితాల్లో చూడండి. సీమలో కూడా తాడిపత్రి, బేతంచెర్ల వైపు బండలు మోసిన బండి జోలికి వెళ్లొద్దు. తుప్పు లేకపోయినా ఓవర్‌లోడుకి కమాన్లు చదునై, బ్రాకెట్ల దగ్గర ఛాసిస్ చిట్లి ఉంటుంది. చీనీ కాయలో, పాలో, కిరాణా సరుకో తోలిన బండి దొరికితే రెండు డబ్బులు ఎక్కువైనా తీసుకోండి.

ఫైనాన్స్ తీరిపోయి ఉంటే, అప్పు తీరిందని చూపే ఫారం 35 తీసుకోండి. బండి మీ పేరుకి మార్చే 29, 30 ఫారాల మీద సంతకాలయ్యాకే మిగతా డబ్బు ఇవ్వండి. ఇన్సూరెన్స్ కూడా మీ పేరుకి మార్పించండి. పెండింగ్ చలానాలు ఆన్‌లైన్‌లో కనిపిస్తాయి.

యాభై వేల సంగతి. మొదట కింద నుంచి ప్రెషర్ వాటర్‌తో కడిగించి, బాగా ఆరనిచ్చి, వైరు బ్రష్షుతో రుద్దించి తుప్పు ఆపే రెడ్ ఆక్సైడ్ ప్రైమరు, ఆపైన ఛాసిస్ బ్లాక్ రంగు వేయించండి. తుప్పు ఉండగానే తారులాంటి అండర్‌కోటింగ్ కొట్టించొద్దు. తడి లోపలే చిక్కుకుని ఇనుమును తినేస్తుంది. తర్వాత వెనక బాడీ. చాలామంది ఇనుప రేకు మీదే అల్యూమినియం చెకర్డ్ షీటు పరిపిస్తారు. వాటి మధ్య ఉప్పునీళ్లు నిలిస్తే అల్యూమినియం తెల్లపొడై రాలుతుంది, కింది రేకూ నానుతుంది. దాని బదులు ఫైబర్ ట్రే వేయించి, ఒక మూలకు వాలు పెట్టించి, అక్కడి నుంచి గొట్టం వేసి మూతున్న డబ్బాలోకి దించండి. ఆ నీళ్లు రోడ్డు మీద పడితే వెనక వచ్చే మోటార్‌సైకిల్ వాళ్లు జారిపడతారు, అది మాత్రం గుర్తుంచుకోండి. తుప్పు పట్టిన బ్రేకు పైపులు, కమాన్ బుష్‌లు మార్పించండి. టైరు మీద నాలుగంకెలు చూడండి, 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. అలాంటి పాత టైరు గీతలు బాగున్నా తీసేయండి.

కమాన్‌కి అదనపు ప్లేటు వేయిస్తే ఎక్కువ మోయొచ్చని ఎవరైనా అంటే వినొద్దు. ఆర్‌సీలో రాసిన బరువు దానివల్ల పెరగదు. ఓవర్‌లోడుకి చట్టప్రకారం జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకీ 2,000.

ప్రశ్న: రాత్రిపూట కూరగాయలు తోలుతాను. పికప్‌కి లైట్లు చాలడం లేదు. ఎల్ఈడీ బల్బులు వేయించమంటారా?
– ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: వద్దండి. హాలోజెన్ కోసం చేసిన లైటులో ఎల్ఈడీ బల్బు పెడితే వెలుగు చెదిరి ఎదుటివాడి కళ్లలో కొడుతుంది. కంపెనీ ఇచ్చిన 60/55 వాట్ల బల్బే ఉంచి, మంచి ఎలక్ట్రీషియన్‌తో రిలే (స్విచ్చు మీద భారం పడకుండా లైటుకు నేరుగా కరెంటు అందించేది) పెట్టించి, బ్యాటరీ నుంచి కొత్త వైరు లాగించండి. పాత వైరులో కరెంటు పడిపోవడం వల్లే చాలా బండ్లకు లైటు ఎర్రగా వెలుగుతుంది. అద్దం లోపల రంగు మాసి ఉంటే లైటు మొత్తం మార్పించండి.