మీ ప్రశ్న – మా జవాబు: ఎల్క్ వేటలో గాలి ముందు, విల్లు తర్వాత

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో విల్లుతో పెద్ద జింక జాతి అయిన ఎల్క్‌ను వేటాడే సీజను సెప్టెంబరు నెలంతా నడుస్తుంది. అక్కడున్న పిల్లలు స్నేహితులతో, బావమరదులతో కలిసి బయల్దేరుతుంటే ఇక్కడి పెద్దవాళ్లకు కలిగిన సందేహాలివి. సరిహద్దు ఊళ్ల నుంచి వచ్చిన ఉత్తరాలను ఈ వారానికి ఎంచుకున్నాం.

మా అబ్బాయి డెన్వర్‌లో ఉంటాడు. ఫ్రెండ్సుతో ఎల్క్ వేటకు వెళ్తానంటున్నాడు. ఇక్కడ కణుజును కొడితే జైలు కదా, అక్కడ తప్పు కాదా? అసలు ఎల్క్ అంటే మన కణుజేనా? – పాఠకురాలు, పర్లాకిమిడి

కణుజు వేరు, ఎల్క్ వేరు. మన దేశంలో ఎల్క్‌కు దగ్గరి చుట్టం కశ్మీరులోని హంగుల్ జింక. ఎదిగిన మగ ఎల్క్ 300 కిలోల పైనే తూగుతుంది.

లైసెన్సు ఉంటే తప్పు కాదు. 1949 జనవరి 1న గాని, ఆ తర్వాత గాని పుట్టినవాళ్లు ముందు వేట శిక్షణ పాసై కార్డు తీసుకోవాలి, ఆ తర్వాతే లైసెన్సు. ఏ ప్రాంతంలో, ఏ తేదీల్లో, మగదాన్నా ఆడదాన్నా అనేది లైసెన్సులోనే ఉంటుంది. నలుగురు కలిసి వెళ్లినా ఒకరి లైసెన్సు మీద మరొకరు కొట్టకూడదు. స్నేహితుల గుంపులు బోల్తా పడేది ఎక్కువగా ఇక్కడే. చాలా లైసెన్సులకు లాటరీ ఉంటుంది, దరఖాస్తు గడువు వేసవి రాకముందే ముగుస్తుంది. అబ్బాయి కార్డు, లైసెన్సు రెండూ చూపించాడంటే మీరు నిశ్చింతగా ఉండొచ్చు.

ఇక్కడి సంగతి వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఉచ్చు పెట్టడం, తరమడం, కొట్టబోవడం కూడా వేట కిందికే వస్తాయి. గిరిజనుల చైత్ర పండుగ వేట ఆచారమే అయినా చట్టంలో దానికి మినహాయింపు లేదు. చట్టం మినహాయించింది నికోబార్ దీవుల గిరిజనులను మాత్రమే.

అల్లుడు నన్ను గూడ తోల్కపోతనంటున్నడు. నాకు 57 ఏండ్లు. నేను విల్లు పట్ట, ఉత్తగ వెంట నడుస్త. ఏం చూసుకోవాలె? – పాఠకుడు, ఉట్నూరు

ముందు చూసుకోవాల్సింది ఎత్తు. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తయిన దేవమాలి కొండ 1,672 మీటర్లు. ఎల్క్ తిరిగే చోట్లు చాలావరకు 2,700 నుంచి 3,350 మీటర్ల మధ్య ఉంటాయి, అంటే పై అంచున దేవమాలి మీద ఇంకో దేవమాలి. డెన్వరే 1,600 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ రెండు మూడు రోజులుండి, మధ్య ఎత్తులో ఒక రాత్రి పడుకుని పైకి వెళ్లండి. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం మొదలైతే ఇంకా పైకి ఎక్కొద్దు. తగ్గకపోతే కిందికి దిగాలి. మాత్ర వేసుకుని అక్కడే ఉండిపోవడం ప్రమాదం. బీపీ, గుండె జబ్బు ఉంటే డాక్టరుకు చూపించుకోకుండా టికెట్ కొనొద్దు.

రెండు నెలల ముందు నుంచే వీపున 10 కిలోలు వేసుకుని గుట్ట ఎక్కి దిగండి. మోకాళ్లు పట్టేసేది దిగేటప్పుడే. కొత్త బూట్లు వేసుకుని పోవద్దు. నూలు బట్ట చెమటకు తడిసి ఆరదు కాబట్టి ఒంటికి తగిలే బట్ట ఉన్నిది ఉండాలి. రాత్రిళ్లు నీళ్లు గడ్డకట్టే చలి ఉంటుంది.

మా దగ్గర వెదురు విల్లు, వెదురు బద్ద అల్లెతాడు. దీంతో ఎల్క్ పడుతుందా? – పాఠకుడు, ముంచింగిపుట్టు

మామూలు విల్లయినా కొలరాడో ఒప్పుకుంటుంది, కానీ లాగే బరువు కనీసం 35 పౌండ్లు, అంటే సుమారు 16 కిలోలు ఉండాలి. విల్లును కొక్కానికి తగిలించి, స్ప్రింగు కాటాతో మీరు ఎంత దూరం లాగుతారో అంతవరకు అల్లెతాడును లాగి చూడండి. ములుకు వెడల్పు కనీసం 22 మిల్లీమీటర్లు, దానికి కోసే ఉక్కు అంచులు రెండైనా ఉండాలి.

చట్టానికి సరిపోయింది జంతువుకు సరిపోదు. ఎల్క్ పక్కటెముకలు మందం. అందుకే చాలామంది చివర్లలో చక్రాలుండే కాంపౌండ్ విల్లు 60–70 పౌండ్లది, 400–500 గ్రెయిన్ల బాణం వాడతారు. 450 గ్రెయిన్లంటే 29 గ్రాములు. తేలిక బాణం జోరుగా పోతుంది గాని ఎముక తగిలితే ఆగిపోతుంది. గురి తేలిపోయేది ఎక్కువగా కొండవాలులో. 30 డిగ్రీల వాలులో 40 గజాల దూరానున్న ఎల్క్‌ను 35 గజాలుగా లెక్కగట్టి కొట్టాలి, లేదంటే బాణం వీపు మీదుగా పోతుంది. అలవాటు పడని చేయి 40 గజాలు దాటి వదలకపోవడమే మంచిది.

వీడియోల్లో ఎల్క్ దగ్గరికొచ్చి హఠాత్తుగా పారిపోతుంది. ఎవరూ కదల్లేదు, చప్పుడూ లేదు. ఎందుకు? – పాఠకుడు, సిరొంచ

గాలి వల్ల. కంటికి, చెవికి అందకుండా దాక్కోవచ్చు గాని ముక్కును ఏమార్చలేం. ఒక్కసారి మనిషి వాసన తగిలితే గుంపంతా ఆ లోయే వదిలేస్తుంది.

అరకు, పాడేరు వైపు తెల్లవారుజామున మంచు లోయలోకి దిగుతుంది, ఎండెక్కాక పైకి లేస్తుంది. కొలరాడో కొండల్లో గాలిదీ అదే నడక. రాత్రి చల్లబడ్డ గాలి వాలు వెంట కిందికి జారుతూ, పొద్దెక్కిన గంటా రెండు గంటలకు పైకి మళ్లుతుంది. పొద్దున మీరు కింద, ఎల్క్ పైన ఉంటే దాని మీది నుంచి వీచే గాలి మీ ముఖానికి తగులుతుంది, అదే మీకు కావలసింది. కానీ పది గంటలకూ అక్కడే కూర్చుంటే మీ వాసన నేరుగా దాని ముక్కుకే పోతుంది. గాలి మళ్లేలోపే పక్కవాలుకు జరగాలి. సాయంత్రం నీడ పడగానే మళ్లీ కిందికి తిరుగుతుంది. వాసన లేని పొడి నింపిన పిచికారీ సీసాను ప్రతి పది నిమిషాలకూ నొక్కి చూడండి. చుట్ట పొగ కూడా గాలివాటం చూపిస్తుంది గాని ఎల్క్‌కూ ఆ పొగే కబురు చెబుతుంది!

ఇద్దరుంటే పిలిచేవాడొకడు, విల్లువాడొకడు. సెప్టెంబరు ఎదకాలం కాబట్టి ఆడ ఎల్క్ కూతకు మగది వస్తుంది, కానీ ఆడది కనబడాల్సిన చోటికి వచ్చి ఆగి చూస్తుంది. పిలిచేవాడు విల్లువాడికి 40 గజాలు వెనక ఉంటే అది ఆగే చోటు విల్లువాడి ముందే అవుతుంది. పైగా వాసన పట్టడానికి అది గాలి పోయే దిక్కుగా చుట్టి వస్తుంది. విల్లువాడు కాస్త ఆ పక్కకు జరిగి కూర్చోవాలి. ఊరికే చూడ్డానికొచ్చిన మామగార్లు పిలిచేవాడి పక్కనే ఉండాలి. దాని కన్ను చెట్టు చాటుకు వెళ్లినప్పుడే విల్లు లాగాలి.

ఎదురుగా ఉన్నప్పుడు కొట్టొద్దు. పక్కకు నిలబడితే ముందుకాలి వెనక, ఛాతీ ఎత్తులో కింది మూడోవంతు దగ్గర గురి. నురగతో లేత ఎరుపు నెత్తురు పడితే ఊపిరితిత్తులు, అరగంట ఆగి వెతకండి. ముదురు ఎరుపైతే కాలేయం, నాలుగు నుంచి ఆరు గంటలు ఆగాలి. ఆకుపచ్చగా, పేడవాసన వేస్తే కడుపు, ఎనిమిది గంటల పైనే ఆగాలి. ఆత్రపడి వెంటబడితే అది లేచి మరో కొండ దాటుతుంది.

అంత మాంసం పాడవకుండా క్యాంపుకు ఎలా తెస్తారు? పోగులు ఎప్పుడు వేస్తారు? – పాఠకురాలు, గుణుపురం

కష్టం మొదలయ్యేది ఇక్కడే. పెద్ద మగదానికి ఎముక తీస్తే 90–100 కిలోల మాంసం ఉంటుంది. తోలు దుప్పటిలా వేడిని పట్టి ఉంచుతుంది. చలిగా ఉంది కదా అని తోలుతో వదిలేస్తే తొడ కీలు దగ్గర లోపలి నుంచే కుళ్లుతుంది, పైకి మాత్రం ఎర్రగా బాగానే కనిపిస్తుంది.

పడ్డ వెంటనే లైసెన్సు ట్యాగు కట్టాలి. పొట్ట కోయకుండానే పని చేయొచ్చు. పక్కకు పడుకోబెట్టి వెన్ను వెంట తోలు చీల్చి కిందికి ఒలవాలి. ముందు జబ్బకు కీలు ఉండదు, కండ కోస్తే ఊడి వస్తుంది. తొడను గిన్నె కీలు దగ్గర విప్పాలి. వెన్ను కండ, మెడ తీశాక రెండోపక్కకు తిప్పి మళ్లీ అంతే. ఆడో మగో తెలిసే గుర్తు మాంసానికి అంటుకునే ఉండాలి, అది నిబంధన. ముక్కలను గాలి ఆడే నూలు సంచుల్లో నీడన విడివిడిగా వేలాడదీయాలి. ప్లాస్టిక్ కవరు, వేడి ముక్కల కుప్ప – ఈ రెండూ మాంసానికి శత్రువులు. ఎముకతో ఒక్కో తొడ 25–30 కిలోలు, కాబట్టి నలుగురున్నా రెండు విడతలు నడవాలి. మిగిలిన పేగుల దగ్గరికి ఎలుగుబంట్లు వస్తాయి, సంచులు అక్కడికి దూరంగా కట్టండి.

పోగులు వెంటనే వేయొద్దు. అక్కడి జింకల్లో, ఎల్క్‌లో ఒళ్లు కృశించిపోయే క్షీణరోగం (క్రానిక్ వేస్టింగ్ డిసీజ్) ఒకటుంది. కొలరాడోలోనే 1967లో మొదట గుర్తించారు. ఉడికించినా పోదు. మనుషులకు సోకిన దాఖలా లేదు గాని, సోకిన జంతువు మాంసం తినొద్దనే చెబుతారు. తలను పరీక్షకు ఇచ్చి, ఫలితం వచ్చాకే పంచుకోండి. రెండు ఎల్క్‌లు పడితే ఏ సంచి ఏ జంతువుదో రాసి పెట్టాలి, కలిపేస్తే ఒకదానికి రోగం తేలినా రెండూ పారేయాలి. మాంసంలో కొవ్వు తక్కువ. కూరకు కుక్కరు, నూనె కాస్త ఎక్కువ కావాలి. తునకలు ఇంటికొచ్చాకే ఎండబెట్టండి, క్యాంపులో కాదు.

కొమ్ములు మన ఇంటికి తెచ్చుకోవచ్చా? – పాఠకుడు, ఇచ్ఛాపురం

వద్దు. వన్యప్రాణుల భాగాల దిగుమతిపై మన దేశంలో ఆంక్షలున్నాయి, మాంసానికీ ముందస్తు అనుమతి కావాలి. అబ్బాయి ఇంట్లోనే ఉంచుకోనివ్వండి. అక్కడ కూడా పక్క రాష్ట్రానికి తీసుకెళ్లేటప్పుడు పుర్రెలో మెదడు ఏమాత్రం మిగలకుండా కడగమంటారు, ఆ క్షీణరోగం భయంతోనే.