కాస్ట్యూమ్ హెల్మెట్ ముఖకవచాన్ని చిన్న సర్వో మోటార్ ఎందుకు ఎత్తలేకపోతుంది?

సర్వో అంటే చెప్పిన కోణానికి తిరిగి అక్కడ నిలిచే మోటార్. అది ఎత్తలేకపోవడానికి చాలాసార్లు కారణం ముఖకవచం బరువొక్కటే కాదు, ఆ బరువు కీలుకు దూరంగా ఉండటం. మోటార్ మీద పడే టార్క్ (తిప్పే బలం) అంటే బరువును ఆ దూరంతో గుణించడమే. 150 గ్రాముల ముఖకవచం బరువు కేంద్రం కీలు నుంచి అడ్డంగా 8 సెంటీమీటర్లు ముందుకు ఉంటే 1.2 కేజీ-సెం.మీ. టార్క్ కావాలి. 1.8 కేజీ-సెం.మీ. అని రాసి ఉన్న సర్వో చాలుననిపిస్తుంది. కానీ అది మోటార్ ఇక తిరగలేక ఆగిపోయే చోటి అంకె. అందులో సగం వరకే నమ్ముకోవాలి. అందుకే రెండు పక్కలా చెరొకటి పెట్టడం మేలు.

9 వోల్టుల చిన్న చదరపు బ్యాటరీ పెడితే బలం పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. అది కావలసినంత కరెంటు ఇవ్వలేదు, కవచం సగంలోనే వణుకుతూ నిలబడిపోతుంది. పైగా ఈ చిన్న సర్వోలు 5-6 వోల్టులకే తయారైనవి, కాలిపోవచ్చు కూడా.